వంగే సైకిలు

సైకిలు తొక్కితే షుగరు దిగుతుందని డాక్టరు చెప్పాక, హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణంవాడు రెండు సైకిళ్లు చూపించాడు. ఒకదాని హ్యాండిలు సీటుకంటే బాగా కిందికి ఉంది. రెండోదాని హ్యాండిలు జానెడు ఎత్తులో ఉంది.

"ఇది రేసుకు సార్, బాగా వంగి తొక్కాలె. అది దూరం పోనీకి, నడుముకు సుఖం. మీరు రేసులకు పోతరా?"

మా ఊరు గద్వాల నుంచి ఇటిక్యాల దాకా నాతో పందెం కట్టేవాళ్లెవరూ లేరు. అయినా అతను అడిగిన తీరుకు నాకు రోషం వచ్చింది. నలభై రెండేళ్లకే నడుము సుఖం చూసుకుంటానా? రేసుదే కొన్నాను.

మొదటి ఆదివారం ఇటిక్యాలకు బయలుదేరాను. సగం దూరం పోయేసరికి మెడ పట్టేసింది, అరచేతులు తిమ్మిరెక్కాయి. తల ఎత్తలేక రోడ్డునే చూస్తూ మెల్లగా తొక్కుతుంటే చేనుగట్టు మీది రైతు కేకేశాడు.

"ఏంది సారు, ఏమన్న పడిపోయిందా? జర ఆగుండ్రి, నేను గూడ దేవులాడుత!"

ఆటో మీద సైకిలు కట్టించుకుని ఇంటికొచ్చాను. మాది నేతపని చేసే ఇల్లు. మా అన్న మగ్గం మీదే ఉన్నాడు. నన్ను చదివించి టీచరును చేసింది ఆయనే. మెడకు జండూబామ్ రాసుకుంటున్న నన్ను చూసి నవ్వాడు.

"నడుమొంగే పని వద్దనే గదరా నిన్ను బడికి తోలింది? నువ్వేమో పైసలిచ్చి ఒంగవడ్తివి."

దుకాణంవాడు సైకిలు వాపసు తీసుకోనన్నాడు. అది వసారాలో పదిరోజులు ఊరికే నిలబడింది. ఒకరోజు మా అన్న లుంగీ ఎగగట్టి దాన్ని బయటికి తీశాడు. నలభై ఏళ్లు మగ్గం మీద వంగి నేసిన మనిషి. పొద్దున పోయి, ఇటిక్యాల చూసి, అన్నం వేళకు వచ్చేశాడు.

"మెడ నొయ్యలేదా?" అన్నాను.

"ఏం నొప్పిరా? మగ్గం మీద కూసున్నట్లే ఉంది. గాలి ఉత్తగ వస్తది."

మరుసటి నెల నేను నడుము సుఖం సైకిలు కొనుక్కున్నాను. ఆదివారాలు ఇద్దరం కలిసి బయలుదేరేవాళ్లం. నేను నిటారుగా కూర్చుని దారిలో అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ చేరేసరికి, ఆయన హోటల్లో రెండో చాయ్ తాగుతుండేవాడు. రేసు సైకిలు ఎవరిదని ఎవరైనా అడిగితే, "మా తమ్ముడు సారుది" అనేవాడు.

నేనూ కాదనేవాణ్ణి కాదు.