నా ఒక్కడికే రాని ప్రోగ్రాము

నా పేరు తవుడు. నవ్వుకోండి, నేను ఆగుతాను. నాకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని మా అమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకి ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. ఆ బేరంలో నష్టపోయిందెవరో మా వీధిలో ఇప్పటికీ తేలలేదు. మా లెక్కల మేష్టారు మాత్రం, ఆ తవుడే ఉంటే గేదైనా తినేదని ఎనిమిదో తరగతిలో అందరి ముందూ తేల్చేశారు. పెద్దాయన మాట కాదనలేక ఆ ఏడే బడి మానేశాను.

అలాంటివాణ్ణి, ఒక ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లకి మాటలు కలపబోయాను. చివరికి నేను నా ఇంటి తలుపు లోపల గడియ పెట్టుకుని, మంచం పక్కన కూలబడి, వీధిలోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలా అని ఏడ్చినంత పనైంది. వినండి.

మాది కోటబొమ్మాళి దగ్గర ఒక ఊరు. మా ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని రైలుపెట్టెల్లా వరసగా ఉంటాయి. ముందు పొడుగ్గా ఒకటే అరుగు. ఈ చివరింట్లో పోపు వేస్తే ఆ చివరింట్లో తుమ్ముతారు. నా ఎడమ గోడ అవతల ఎర్రయ్య బావ, సాలూరు లారీల మీద జీవితమంతా తిరిగి ఇప్పుడు స్టీరింగు లేక చేతులు ఖాళీ అయిపోయిన మనిషి. కుడి గోడ అవతల గున్నమ్మ చిన్నమ్మ. నడుమ నేను. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి తాళి ఎంతసేపు కట్టాలో నేనే నిర్ణయిస్తాను. అక్కడ స్లోమోషన్ పెట్టడంలో నా తరవాతే ఎవరైనా. నా పెళ్ళి సంగతి అడక్కండి. ఆ ఫైలు ఇంకా తెరుచుకోలేదు.

మా అమ్మ పోయాక నా ఇంట్లో మాటంటూ లేకపోయినా, సాయంత్రమైతే అరుగుండేది. ఊసులాడుకోవడానికి అందరూ చేరేవారు. నేను ఒకరి నడక, ఇంకొకరి దగ్గు అనుకరించి చూపించేవాణ్ణి, వాళ్ళు కడుపు పట్టుకునేవారు. నా ఖర్మ కాలి, వీడియోలు పంపడానికి ఇంటర్నెట్ పెట్టించాను. మా వరసలో నిచ్చెన ఒకరింట్లో ఉంటుంది, రుబ్బురోలు ఒకరింట్లో, కరివేపాకు చెట్టు ఒకరి దొడ్లో. వాడుకునేది అందరూ. ఇంటర్నెట్టూ ఆ లెక్కలోనే చేరిపోయింది.

"ఒరే తవుడూ, ఆ నెట్టు మాకూ కాస్త ఒగ్గరా," అన్నాడు ఎర్రయ్య బావ.

"ఒగ్గడానికి అదేటి, గేదా బావా? పాస్‌వర్డు సెప్తాను, కొట్టుకో."

బావకి చెప్పాక చిన్నమ్మకి చెప్పకపోతే బాగుండదు. చిన్నమ్మకి చెబితే వరసంతా చెప్పినట్టే. నెల తిరక్కుండా ఇంటింటికీ గోడంత టీవీలు దిగాయి. అరుగు మీద నేనూ, మా వీధి కుక్కా మిగిలాం. దానికి ఒక జోకు చెప్పాను. సగంలో లేచి వెళ్ళిపోయింది. చూశారా, నా ప్రేక్షకుల్ని నా చేత్తో, నా పాస్‌వర్డు చేతికిచ్చి మరీ ఇళ్ళకి సాగనంపాను.

కడుపు నిండా మాటలు పెట్టుకుని ఎన్నాళ్ళు కూచుంటాను? ఒక సాయంత్రం పెళ్ళిళ్ళ కెమెరా తీసి కాళ్ళ స్టాండు మీద పెట్టి, దాని ముందు కూచుని ఆ రోజు ఊసులు చెప్పేశాను. ప్రాణం తేలికపడింది. అప్పట్నుంచి రోజూ అదే పని. గున్నమ్మ చిన్నమ్మ ఉప్పెక్కువైన రోజునే నాకు కూర పట్టుకొస్తుందని చెప్పాను. ఎర్రయ్య బావ సాలూరు ఘాటీలో మంచు పట్టిన పూట లారీని వెనక్కి నడిపిన కథ, చెప్పిన ప్రతిసారీ ఒక మలుపు పెరుగుతోందని, ఇంకొంచెం ఆగితే ఆ లారీ వెనక్కి వెనక్కి ఒరిస్సా చేరుకుంటుందని చెప్పాను. చెప్పడం, కంప్యూటర్లో వీడియోలు దాచుకునే చోట పడేయడం. ఒక్కటీ తిరిగి చూసుకోలేదు.

ఒక రోజు మాత్రం వాన. కెమెరా ముందు కూచుంటే నవ్వించే మాట ఒక్కటీ రాలేదు. "బావా, నీ టీవీ సౌండు కాస్త పెంచు. సాయంత్రమైతే నీ గోడకి సెవి ఆన్చి కూకుంతన్నాను. సీరియల్లో ఎవులు ఎవులికి ఏటవుతారో నాకు తెల్దు. మనిసి మాట ఇంటన్నట్టు ఉంతాది," అని ఏదో అనేసి కెమెరా ఆపేశాను. చెరిపేద్దాం అనుకున్నాను. బద్ధకించాను. నా బద్ధకం చేసినంత చెడు నాకు నా శత్రువు చేయలేదు.

ఇప్పుడు అసలు తగువులోకి వస్తున్నాను. నాకు రెండు కంప్యూటర్లు. ముందు గదిలోది విండోస్, పనిది. వంటింట్లోది ముసలిది. అది విండోస్ బరువు మోయలేకపోతోందని ఎచ్చెర్లలో చదువుతున్న మా మేనల్లుడు రమేషు దాంట్లో లినక్స్ వేసి, పాత పంచె కట్టిన ముసలాయనలా తేలిగ్గా తిరిగేట్టు చేశాడు. వంట చేసుకుంటుంటే ఆ ఇంట్లో ఒక మనిషి గొంతు వినిపించాలని నా కోరిక. ఎవరూ దొరక్కపోతే నా గొంతైనా సరే. అంటే ముందు గదిలోని ఊసులు వంటింట్లోకి రావాలి. పెన్‌డ్రైవులన్నీ పెళ్ళికూతుళ్ళతో పాటు అత్తారిళ్ళకి వెళ్ళిపోయాయి. రమేషుకి ఫోన్ చేశాను.

"పెన్‌డ్రైవు ఎందుకు మావా? ఫోల్డరు షేర్ సెయ్. అందులోంచే ఇందులో కనిపిస్తాది," అన్నాడు.

షేర్ చేశాను. వంటింట్లోకి పరిగెత్తాను. కనిపించలేదు.

"ఎవరికి పర్మిషన్ ఇచ్చినావు?"

"నాకే."

"నీకు కాదు మావా, 'ఎవ్రీవన్' అని ఉంతాది, అది పెట్టు."

పెట్టాను. పరిగెత్తాను. లినక్స్ నా మొహం చూసి, అలాంటి కంప్యూటరు పేరే ఎప్పుడూ వినలేదంది. పాస్‌వర్డు అడగకుండా చూడమన్నాడు. అడగకుండా చేశాను. ఫైర్‌వాల్ అనే కాపలావాణ్ణి కాసేపు పక్కన కూచోబెట్టమన్నాడు. ఇంటికి పంపేశాను. ముందు గదికీ వంటింటికీ తిరిగి తిరిగి నా కాళ్ళు రథయాత్ర చేసినట్టయ్యాయి. ఆ కోపంలో కనిపించిన ప్రతి మీటా నొక్కాను. 'మీడియా స్ట్రీమింగ్' అని ఒకటుంటే అదీ నొక్కాను. అందరికీ అనుమతి ఇమ్మంటావా అని అడిగింది. ఇవ్వవే తల్లీ, ఎవరైనా వస్తే కదా అన్నాను.

"మావా, ఒక్క మాట," అన్నాడు రమేషు విసిగిపోయి. "రెండూ ఒకే నెట్‌లో ఉన్నాయి కదా?"

"ఒకే నెట్టేట్రా, ఒకే ఇంట్లో ఉన్నాయి! మద్దిన గోడొకటే!"

"అయితే నాకు తెల్దు మావా. నాకు పరీచ్చలున్నాయి, ఉంతాను."

తెరిచినవన్నీ అలాగే వదిలేశాను. మళ్ళీ మూయాలన్న ఊహ నాకు లేదు. ఒకే కప్పు కింద ఉండి కూడా ఒకదాని పొడ ఒకదానికి గిట్టని ఆ రెండు కంప్యూటర్లనీ చూస్తే, మా వరస మొత్తం నా ఇంట్లోకి వచ్చి కూచున్నట్టనిపించింది.

ఆ తరవాత ఒక వింత మొదలైంది. గోడకి చెవి ఆన్చితే బావ ఇంట్లో సీరియల్ ఏడుపులు లేవు. నవ్వులు! బావ నవ్వితే లారీ సెల్ఫ్ తీసుకున్నట్టుంటుంది, ముందు రెండు మూడు దగ్గులు, తరవాత ఒక్కసారిగా స్టార్టు. రెండో గోడకి వెళ్ళి చెవి పెట్టాను. అక్కడ గున్నమ్మ చిన్నమ్మ, "ఓలమ్మ! ఓలమ్మ!" అంటోంది. రెండిళ్ళలోనూ ఎవడో ఒకడు ఆగకుండా మాట్లాడుతున్నాడు. మాట తెలియడం లేదు, గొంతు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. ఛీ, ఇలాంటివాడికి టీవీలో చోటెలా ఇచ్చారనుకున్నాను. మర్నాడు పళ్ళు తోముకుంటున్న బావని పట్టుకున్నాను.

"ఏటి బావా, సాయంత్రం తెగ నవ్వుతన్నావు? ఏ ప్రోగ్రామది?"

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "అదా... కొత్త ప్రోగ్రాము. ఒకడు ఒక్కడే కూకోని వాగతా ఉంతాడు."

"బాగుంతాదేటి?"

"ఆడికి తెలివి నేదు గాని నోరుంది."

"ఏ ఛానెలు? నానూ సూస్తాను."

"మీ ఇంట్లో రాదులే," అని పుక్కిలించి ఉమ్మేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా మనుషుల్ని ఎవడో రేకుడబ్బా గొంతువాడు ఎత్తుకుపోయాడు! ఆ సాయంత్రం కెమెరా ముందు వాణ్ణి ఉతికి ఆరేశాను. "ఎవుడ్రా నువ్వు? నీ మొకం నాను సూడనేదు గాని, సూడక్కర్నేదు. నీ కంటే మా ఈది కుక్క నయం," అన్నాను. గంట గడవకుండా రెండు గోడల అవతలా వరద వచ్చినట్టు నవ్వు. వీడి అసాధ్యం కూల, ఇవాళ ఇంకా బాగా చెప్పినట్టున్నాడే అనుకుని కంచం ముందు కూచున్నాను. అన్నం సయించలేదు. నిజం చెబుతున్నాను, అంత ఒంటరితనం వాన రోజున కూడా తెలియలేదు. గోడ అవతల నవ్వు, ఇవతల నేను.

పరీక్షలయ్యాక రమేషు వచ్చాడు. వస్తూనే పలకరింపుకని ఎర్రయ్య బావ ఇంట్లో దూరాడు. పలకరింపు సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"మావా! నువ్వు ఇక్కడున్నావా?"

"ఇంకెక్కడుంతాను?"

"ఎర్రయ్య పెదనాన్న ఇంట్లో టీవీలో కూడా ఉన్నావు!"

నేను కంప్యూటరు వైపు చూశాను. రమేషు నా వైపు చూశాడు. తరవాత వంటింట్లోకి వెళ్ళి లినక్స్ తెరిచి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది నీ ఫోను హాట్‌స్పాట్ మీద ఉన్నాది మావా! ఈ ముసలిదానికి రూటరు సిగ్నలు పట్టక నానే కలిపి మర్సిపోనాను. ముందు గదిలోది రూటరు మీద ఉన్నాది. ఒకే నెట్‌లో ఉన్నాయా అని అడిగితే ఏటి సెప్పినావు?"

"ఒకే ఇంట్లో ఉన్నాయని సెప్పినాను."

"ఇల్లు వేరు, నెట్టు వేరు మావా! నీ రూటరు మీద ఈ వరస ఇళ్ళన్నీ ఉన్నాయి. మీడియా స్ట్రీమింగ్ నొక్కి ఉన్న టీవీలన్నిటికీ నీ వీడియోలు తెరిసీసినావు. ఒక్క వంటిల్లే బయట ఉన్నాది!"

రేకు డబ్బా గొంతువాడెవడో అప్పటికి తెలిసింది. ఉప్పు గుర్తొచ్చింది. ఒరిస్సా చేరిన లారీ గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఏది నడుస్తన్నాదిరా అక్కడ?" అన్నాను.

"ఏదో వాన... గోడకి సెవి..." అని వాడు తల దించుకున్నాడు.

రూటరు తీగ, కంప్యూటరు తీగ, చేతికి అందిన ప్రతి తీగా పీకేశాను. ఫ్యాను కూడా ఆగిపోయింది. తలుపు గడియ పెట్టి మంచం పక్కన కూలబడ్డాను. వెక్కిరించినందుకు తిడతారు, తిట్లు నాకు తాంబూలంతో సమానం. కానీ గోడ సంగతి వినేశారు. రేపట్నుంచి నన్ను చూడగానే గొంతు తగ్గించి, "పాపం తవుడు" అంటారు. జనం జాలిపడే మనిషి చెప్పే జోకుకి ఎవరైనా నవ్వుతారా? నాకున్న ఆస్తి ఆ ఒక్క నవ్వు. అదీ పోయింది.

రెండు గోడల అవతలా చప్పుడు లేదు. కాసేపటికి తలుపు దబదబ మోగింది.

"ఒరే తవుడూ! పోగ్రాము మద్దినే ఆగిపోనాది. నెట్టు తీసీసినావేటి?" ఎర్రయ్య బావ.

"తీసీసినాను బావా! ఎల్లిపో!"

"మరైతే బయటికొచ్చి సెప్పు. నోటికి కూడా తీగ కావాలేటి?"

వెనకనుంచి గున్నమ్మ చిన్నమ్మ గొంతు. "నా కూరలో ఉప్పెక్కువంటావా? వంకాయీ ఎండ్రొయ్యలూ తెచ్చినాను. నా కళ్ళ ముందర తిని సెప్పు!"

రమేషు వెళ్ళి గడియ తీశాడు. అరుగు మీద మా వరసలో సగంమంది కూచుని ఉన్నారు. గిన్నె అందుకుని తిన్నాను. చిన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా నోటి వైపే చూస్తోంది. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. "అమృతం సిన్నమ్మా," అన్నాను. అందరూ గొల్లుమన్నారు. బావ ఘాటీ కథ ఎత్తుకున్నాడు. నేను లెక్కపెట్టకపోయినా పిల్లలందరూ మలుపుల్ని లెక్కపెట్టారు. గోడ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

అప్పట్నుంచి రోజూ అరుగు నిండిపోయిందని రాస్తే కళ్ళు పోతాయి. సీరియల్లో ఎవరిదో నిశ్చితార్థం వచ్చేసరికి సగంమంది లోపలికి పోయారు. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు నేనూ, కుక్కే. అది ఈమధ్య జోకు పూర్తయ్యేదాకా ఉంటోంది.

తీగలు పీకేసిన ఆ వారంలోనే ఒక సాయంత్రం, బావా నేనూ మాత్రమే ఉన్నప్పుడు, నిండు అరుగు మీద చెప్పాల్సినంత గంభీరంగా చేయి చాచి ఒట్టు పెట్టుకున్నాను. "మా అమ్మ నన్ను కొన్న తవుడు మీద ఒట్టు బావా. ఈ జన్మలో ఏ ఫోల్డరూ ఎవ్రీవన్‌కి ఇవ్వను. ఏ కాపలావోణ్ణీ ఇంటికి పంపను. లినక్స్ దారి లినక్స్‌ది, విండోస్ దారి విండోస్‌ది. ఆటి మద్దిన నాను దూరను."

బావ బీడీ ఆర్పి, తన తలుపు వైపు చూశాడు. తరవాత నా తలుపు వైపు చూశాడు.

"అదంతా సరే గాని," అన్నాడు, "నా గోడకి సెవి ఆన్చినోడివి, పక్కనే ఉన్న తలుపు కొట్టనేకపోనావేట్రా?"