మ్యూచువల్ దొరకని సీటు

మొన్న ఆదివారం ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో చేపలు కొంటుంటే పాత పొరుగావిడ ఒకరు కనిపించి పలకరించారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా తమ్ముడి క్వార్టరుకు రెండు గుమ్మాల అవతల ఉండేవారు. రైల్వే ఉద్యోగాలకి ఇక్కడికొచ్చి స్థిరపడిన మా తెలుగువాళ్ల పద్ధతి ప్రకారం ముందు మోకాళ్ల నొప్పులు, తర్వాత పెన్షను, ఆ తర్వాతే పిల్లల చదువులు. "మీ మేనకోడలు ఏటి సదువుతన్నాది?" అని అడిగారు. ఫిజియాలజీ అన్నాను. "అదేటి, ఆ రోగాల సదువేదో సదువుతానన్నాది కదా? మానీసినాదా?" అన్నారు. మానలేదండీ, మాన్పించాం అని నోటిదాకా వచ్చింది. చేపలబ్బాయి కత్తిపీట ముందు రోహూ చేపను పట్టుకుని, "దీదీ, కాటబో?" అంటూ కోయమంటానా లేదా అని నా ముఖం చూస్తున్నాడు. పాపం, అతని మీద అనవసరంగా కసురుకున్నాను. ఇంటికి వచ్చేదాకా టోటో అనే బ్యాటరీ రిక్షాలో కూర్చుని నాలో నేను గొణుక్కుంటూనే ఉన్నాను.

ఈ కోపం ఎవరి మీదో చెప్పాలంటే మా తమ్ముడి గురించి చెప్పాలి. వాడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మంచివాడు. మంచివాడు కాకపోతే నాకింత ఉక్రోషం ఉండేది కాదు, ఎప్పుడో మాట్లాడ్డం మానేసి హాయిగా ఉండేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడికి చక్రధర్‌పూర్ అవతల ఎక్కడో పోస్టింగు పడింది. అక్కడి నీళ్లు పడక, మా అమ్మ చేతి చారు లేక, సగమైపోయాడు. అప్పుడు ఖరగ్‌పూర్‌లో పనిచేస్తూ అటువైపు వెళ్లాలని తపించిపోతున్న ఒక ఒడియా అబ్బాయిని ఎలాగో వెతికి పట్టుకుని మ్యూచువల్ పెట్టించుకున్నాడు. ఒకే హోదాలో ఉన్న ఇద్దరు ఒప్పుకుని ఒకరి చోటికి ఒకరు మారిపోవడాన్ని రైల్వేలో అలా అంటారు. మా కాలనీలో మ్యూచువల్ వెతకడం పెళ్లి సంబంధం వెతకడం లాంటిదే. టీ కొట్లో కబురు పెడతారు, యూనియన్ ఆఫీసు గోడ మీద కాగితం అంటిస్తారు, బంధువుల చేత వాళ్ల బంధువులకు చెప్పిస్తారు, దొరికిన రోజున రసగుల్లాలు పంచుతారు. తనకి దొరికింది కాబట్టి అందరికీ, అన్నిటికీ దొరుకుతుందని మా వాడి నమ్మకం. క్వార్టరు కప్పు కారుతుంటే బాగుచేయించమని అర్జీ పెట్టడు, కారని క్వార్టరు వాడెవడైనా మ్యూచువల్‌కి వస్తాడేమోనని చూస్తాడు. కారే ఇల్లు ఎవడికి కావాలిరా అంటే నవ్వేసి ఊరుకుంటాడు.

మా మరదలికి ఒంట్లో నలతగా ఉండడం వాళ్లమ్మాయి హైస్కూల్లో ఉండగా మొదలైంది. వేళ్లు వాచిపోయేవి, ముక్కుకు అటూ ఇటూ చెంపలు ఎర్రగా కందిపోయేవి, జ్వరం వచ్చి పోతుండేది. చాలాకాలం వాతం అన్నారు, ఎండ పడలేదన్నారు, మనసులో ఏదో పెట్టుకుందన్నారు. చివరికి కలకత్తాలో ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి లూపస్ అని తేల్చింది. బయటినుంచి వచ్చే జబ్బులతో పోట్లాడవలసిన శక్తి సొంత ఒంటి మీదే తిరగబడుతుందట, మందులు జీవితాంతం వాడాలట. మేమంతా ఏ మాత్ర ఎప్పుడో గుర్తుపెట్టుకునే కంగారులో ఉంటే, మేనకోడలు మాత్రం, సొంత ఒళ్లని అదెందుకు గుర్తుపట్టదు అని బెంగాలీలో అడిగింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అది తెలిస్తే మీ అమ్మకి ఇన్ని మాత్రలు ఎందుకు రాస్తానమ్మా అంది. అందరం ఆ మాటకు నిట్టూర్చి బయటికొచ్చాం. పిల్ల మాత్రం రైల్లో ఇంటికొచ్చేవరకు ఆ రిపోర్టులు తిరగేసి తిరగేసి చదువుతూనే ఉంది.

ఇమ్యూనాలజీ, రోగాల జీవశాస్త్రం కలిపి చదివే డిగ్రీ ఒకటుందని, దానికి ఎమ్మెస్సీ దాకా ఆగక్కర్లేదని, పన్నెండో తరగతి కాగానే చేరిపోవచ్చని, దక్షిణాదిన ఒక యూనివర్సిటీలో ఉందని తనే కనుక్కుంది. మా కాలనీలో సైన్సు చదివిన ఆడపిల్లకు నర్సింగు, లేదంటే రైల్వే పరీక్ష. మూడో దారి చెబితే తప్పిపోయిన మనిషిని చూసినట్టు చూస్తారు. పైగా కరోనా వచ్చిపోయాక మా దగ్గర ఇమ్యూనిటీ అనే మాట తెలియనివాళ్లు లేరు. దానివల్ల మరీ ఇబ్బందైంది. "కసాయం కాసుకోడానికి నాలుగేళ్ల సదువేటమ్మా?" అని ఒకావిడ నిజంగానే అడిగింది. పిల్ల ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆవిడ అంతా విని, అల్లం కూడా వెయ్యమని సలహా ఇచ్చి వెళ్లింది. రైల్వే బడిలో ఏళ్లతరబడి లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, ఆ చదువు నాకూ పూర్తిగా బోధపడలేదు. కానీ అమ్మ జబ్బుకి కారణం తెలుసుకోవాలని ఒక పిల్ల కూర్చుని చదువుతుంటే అందులో బోధపడకపోవడానికేముంది?

ఎంట్రన్సు రాసింది, సీటొచ్చింది. ఆ రోజు మరదలు వాచిన వేళ్లతోనే పాయసం కాచింది. "నా కోసరం దాన్ని ఆపకండి వదినా. అదిక్కడుండి నాకు మంచినీలందిస్తే నా జబ్బు తగ్గిపోతాదా?" అని నాతో అంది. పెద్దవాళ్లెవరైనా వెంట వెళ్లి, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేర్పించి రావాలి. తమ్ముడికి సెలవు దొరక్కపోతే నేనే తీసుకెళ్దామని ఇదే ఊళ్లో పూరీ గేట్ దగ్గరున్న మా ఇంట్లో పెట్టె కూడా సర్దుకున్నాను. టిక్కెట్ల సంగతి మాట్లాడదామని వాళ్ల క్వార్టరుకు వెళ్లేసరికి వాడు గుమ్మంలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"పిల్లని సేర్పించీసినానప్పా. మేదినీపూర్‌లోన, ఫిజియాలజీ ఆనర్సు" అన్నాడు.

"సర్టిఫికెట్లేవిరా?"

"కాలేజీలో జమ సేసీసినాను."

గుమ్మంలోంచే లోపలికి చూశాను. లోపల పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. తమ్ముడు నాకు కుర్చీ ఖాళీ చేసి, చిన్నపిల్లకు నచ్చచెప్పినట్టు నచ్చచెప్పాడు. "కంగారు పడకప్పా. అంత దూరం ఇప్పుడే ఎందుకు? ముందు దగ్గిర్లోన, సేతిలోన ఒక సీటుండాల. ఆ యూనివర్సిటీలోన మనేపు పిల్ల ఎవులో ఒకలు సేరకుండా ఉంటారా? ఇంటి మీద బెంగెట్టుకోకుండా ఉంటారా? ఏడాది తిరగనీ, ఆ పిల్లతోటి మ్యూచువల్ ఎట్టీద్దుము. అదిటొత్తాది, మనదటెల్తాది."

"సదువుకి మ్యూచువల్ ఉండదు నాన్నా" అంది పిల్ల గోడ దగ్గర్నుంచే.

"ఉండదని నీకెవులు సెప్పినారు? అడిగినావేటి?"

నిజమే, పిల్ల అడగలేదు. అలాంటిదొకటి అడగాలని ఈ భూమ్మీద ఎవరికి తోస్తుంది? వాణ్ని ఆ సాయంత్రం తిట్టినన్ని తిట్లు నా సర్వీసు మొత్తంలో ఏ మొద్దు కుర్రాణ్నీ తిట్టలేదు. మర్నాడు మేదినీపూర్ వెళ్లి కాలేజీ గుమాస్తాని బతిమాలాను. అడ్మిషన్ రద్దుకి అర్జీ పెట్టండి, సర్టిఫికెట్లు వెనక్కి రావడానికి సమయం పడుతుంది అన్నాడు. ఎన్నాళ్లంటే ప్రిన్సిపాల్‌గారు ఊళ్లో లేరన్నాడు. ఆయన ఊళ్లోకి వచ్చేసరికి అక్కడ చేరవలసిన గడువు దాటిపోయింది. సర్దిన పెట్టెలోంచి బట్టలు తీయబుద్ధికాక చాలా రోజులు దాన్ని మంచం కిందే ఉంచేశాను.

మాట తప్పే మనిషి కాదు మా తమ్ముడు, అదే మా ఖర్మ. ఏడాది తిరగ్గానే ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించి, మా అందరి ఎదుటా ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల ఎవరో ఆడమనిషి. వాడు హిందీలో మొదలుపెట్టి, తన చక్రధర్‌పూర్ కథ, ఒడియా అబ్బాయి కథ, కూతురి మార్కులు, భార్య జబ్బు అన్నీ వివరంగా చెప్పి, మీ దగ్గర ఖరగ్‌పూర్ వైపు పిల్ల ఎవరైనా వెనక్కి రావాలనుకుంటుంటే మ్యూచువల్ ఇప్పించండి మేడమ్ అని అడిగాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అంతా విని, ఇది ఉద్యోగం కాదు సార్, ఇందులో అలాంటి పద్ధతి లేదు అంది. వాడు ఇంకా వదలకుండా, పోనీ మధ్యలో మానేసిన పిల్ల ఒక్కరైనా లేరా అన్నాడు. ఎవరూ మానలేదు సార్, అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే అంది. మేనకోడలు లేచి వెళ్లి కుళాయి దగ్గర గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తమ్ముడు ఆవిడకి థాంక్యూ మేడమ్ అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. మొదటిసారి వాణ్ని తిట్టాలనిపించలేదు, ఆ తర్వాత ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

ఇప్పుడు పిల్ల ఫైనలియర్. రోజూ లోకల్ రైల్లో వెళ్లొస్తుంది. ఫిజియాలజీలో ఇమ్యూనిటీ గురించి ఉన్నది కాస్తే, ఆ కాస్తా మొదటి ఏడాదే చదివేసింది. చాలక సెకండ్ హ్యాండ్ పుస్తకాలు తెచ్చుకుని, ఎమ్మెస్సీకైనా అటువైపు వెళ్లాలని మళ్లీ మొదటినుంచి తంటాలు పడుతోంది. ఈ లోపల మరదలి జబ్బు మూత్రపిండాల దాకా వచ్చింది. మాత్రలు మారాయి, ముఖం ఉబ్బింది, గుమ్మం దాకా నడవడానికి గోడ పట్టుకుంటోంది.

చేపలు కొన్న ఆ ఆదివారమే పులుసు చేసి వాళ్లకు పట్టుకెళ్లాను. భోజనాల దగ్గర ఎమ్మెస్సీ మాట వచ్చింది. ఎంట్రన్సు ఎప్పుడు, ఎక్కడెక్కడ రాయాలి అని పిల్ల చెబుతుంటే, తమ్ముడు అన్నం కలుపుతూ ఎప్పటిలాగే అన్నాడు: "కంగారేటి? ఈ ఏడాది రాపోతే పైయేడొత్తాది. ఒక ఏడాదిలోన ఏటయిపోతాది?"

మరదలు ఎప్పుడూ వాడికి ఎదురు చెప్పలేదు. ఆ రోజు కంచంలోంచి తలెత్తి, మెల్లగానే అంది: "నీకేటీ అవదు. నాకవుతాది."

మేమంతా ఒకే క్యాలెండరు కింద కూర్చుని అన్నం తింటున్నాం, కానీ మా తమ్ముడి ఏడాదీ మా మరదలి ఏడాదీ ఒకే పొడుగు కావని నాకు అప్పుడు తెలిసింది.