పెద్దమ్మ నిలబడిన బండ్లు

మా కొత్త ఇంట్లో కిటికీలకు రెండు వరుసల అద్దాలు బిగించారు. కిందటి వారం తెల్లవారుజామున బైబిలు వాక్యం చదువుకుందామని ఒక కిటికీ దగ్గర కూర్చుంటే, దూరంగా పట్టాల మీద ఒక రైలు, లోపలి దీపాలన్నీ వెలుగుతుండగా, చిన్న చప్పుడైనా లేకుండా వెళ్ళిపోయింది. ప్రార్థన వేళ గుర్తుచేయడానికి ఫోనులో పెట్టుకున్న గంట మోగేవరకు నేను అటే చూస్తూ ఉండిపోయాను. రైలు కూతను బట్టి పొయ్యి వెలిగించి, రైలు కూతను బట్టి బడికి బయలుదేరిన మన తరం వాళ్ళకు ఆ నిశ్శబ్దం ఎంత వింతగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, డిప్లొమా చేతికి రాగానే తెనాలి నుంచి వచ్చి, సీతాఫల్‌మండిలో మా అమ్మ అక్కగారి ఇంట్లో దిగాను. మెట్టుగూడ దాటాక కొలత పరికరాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో ఏడాది శిక్షణ. ఆరుగురం చేరాం, చివర్లో ఇద్దరినే ఉంచుకుంటారు. పరీక్ష చెప్పడానికి సులువే: ఒక ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి ఇంకో ముక్కలోని గాడిలో అమర్చాలి. రెండింటినీ కలిపి దీపానికి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుతురు రాకూడదు. వస్తే మూట కట్టుకుని ఊరికి వెళ్ళిపోవడమే.

పెద్దమ్మ ఇల్లు పట్టాల పక్కనే. బండి ఇంకా వినబడకముందే గ్లాసులో నీళ్ళ మీద సన్నని వలయాలు లేచేవి, ఆ తరువాత అలమారలో గిన్నెలు ఒకదానికొకటి తగిలేవి, ఆపైన ఇల్లంతా కదిలేది. నాకు నిద్ర పట్టేది కాదు. నిద్ర లేక చేతులు వణికేవి, చెయ్యి వణికితే ఆకురాయి వంకర పోయేది. చదువు నేర్పిన అలవాటుకొద్దీ ఒక నోటుబుక్కులో గడులు గీసి, ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎటు పోయింది, ప్రయాణికులదా గూడ్సుదా, గిన్నెల మోత ఎన్ని సెకన్లకు ఆగింది అన్నీ రాసేవాణ్ణి. అది చూపించి వేరే గదికి మారతానని అమ్మకు ఉత్తరం రాయాలని నా ఆలోచన.

ఆ నోటుబుక్కు రాస్తుండగానే పెద్దమ్మ సంగతి గమనించాను. పెదనాన్న రైల్వేలో గార్డుగా చేసి, నేను రావడానికి ఆరేళ్ళ ముందు ప్రభువునందు నిద్రించారు. స్టేషను దాటే ప్రతిసారీ బండి చివరి పెట్టె తలుపు దగ్గర నిలబడి పచ్చజెండా చూపడం ఆయన పని. ఆయన పోయాక పెద్దమ్మ ఇంట్లో నిలబడడం మొదలుపెట్టింది. గ్లాసులో నీళ్ళు కదిలితే చాలు, బియ్యం ఏరుతున్నా, జడ అల్లుకుంటున్నా లేచి, బండి పూర్తిగా దాటేవరకు కళ్ళు మూసుకుని నిలబడేది. అందులోని వాళ్ళందరినీ క్షేమంగా ఇల్లు చేర్చమన్నదే ఆమె ప్రార్థన. రెండు మోకాళ్ళూ వాచి ఉండేవి, గుమ్మం పట్టుకోనిదే లేవలేకపోయేది.

పక్కింటావిడ ఒకసారి గోడ మీదినుంచి ఆటపట్టించింది. "ఏందక్కా, గిట్ల లేచి నిలబడుతున్నవ్, బండేమన్న నీకోసం ఆగుతదా?"

"ఆగకపోతేనే మంచిది చెల్లీ. ఇక్కడ ఆగిందంటే ఏదో తేడా వచ్చినట్టే" అంది పెద్దమ్మ.

నా ప్రార్థన పద్ధతి వేరు. ఉదయాన్నే మోకరించి, అడగవలసినవి వరుస సంఖ్యలతో చదివేవాణ్ణి: ఒకటి చేతి వణుకు, రెండు నిద్ర, మూడు ఉద్యోగం. ఒకరోజు విని పెద్దమ్మ నవ్వేసింది. "దేవుడికి ఇండెంటు పెడుతున్నావేంట్రా? సరుకు వచ్చినట్టు సంతకం కూడా పెట్టించుకుంటావా?"

పరీక్ష సోమవారం. ముందురోజు ఆరాధన నుంచి రాగానే భోజనం కూడా చేయకుండా ఆకురాయి, ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. ఆదివారం విశ్రాంతి దినమని ఆ ఇంట్లో సూదిలో దారం కూడా ఎక్కించేవారు కాదు. అది తెలిసీ కూర్చున్నాను. పెద్దమ్మ కోప్పడలేదు. అన్నం పెట్టి, నేను తింటుండగా ఆకురాయి తీసి అలమార మీద పెట్టేసి, చాప పరిచింది. ఈ బండ్ల మోతలో ఎట్లా పడుకోవాలని కాస్త విసురుగానే అన్నాను.

"అవి నీ బండ్లు కావురా, నా డ్యూటీ. డ్యూటీలో మనిషి ఉన్నాక డ్యూటీ దిగినవాడికి బెంగ దేనికి? మీ పెదనాన్న అట్లానే పడుకునేవారు. రేపటి సంగతి కూడా నాకు అప్పజెప్పి పడుకో."

పడుకున్నాను. మధ్యలో ఒక్కసారి కళ్ళు సగం తెరుచుకుంటే, గుమ్మంలో కుర్చీ, గుమ్మాన్ని పట్టుకుని లేస్తున్న పెద్దమ్మ వీపు కనబడ్డాయి. ఆ వీపు వెనక బండి పోతున్న మోత ఎక్కడో దూరపు వాన లాగా ఉంది. మళ్ళీ లేచేసరికి సాయంత్రం అయిదు. పెద్దమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది, పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. నోటుబుక్కు తీసి చూశాను. నేను నిద్రపోయిన ఆ కాస్త వేళలో వెళ్ళవలసిన బండ్లు తొమ్మిది. తొమ్మిదిసార్లు లేచింది. అప్పటికి దాదాపు ఏడేళ్ళుగా ఇదే. రోజుకు ఎన్ని బండ్లు, బండికి ఎందరు మనుషులు అని గుణించబోయి, పెన్ను పక్కన పెట్టేశాను. లెక్క రాక కాదు. బడి రోజుల్లో ఆ దారిన నేను చేసిన ప్రయాణాలు కూడా ఆ మొత్తంలో ఉండే ఉంటాయని అప్పుడు తోచింది.

సోమవారం మాకు పని నేర్పే పెద్దాయన నా రెండు ముక్కలనూ దీపానికి ఎదురుగా పట్టి, ఇటూ అటూ తిప్పి చూసి, కుడివైపు బల్ల మీద పెట్టారు. ఎడమవైపు బల్ల ఇంటికి పోయేవాళ్ళది. అమ్మకు రాయాలనుకున్న ఉత్తరం రాయలేదు. ఆ ఇంట్లోనే నాలుగేళ్ళున్నాను, మోత అంతా అంతే ఉంది, హాయిగా నిద్రపోయాను.

పెద్దమ్మ కూడా ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది. ఆ గుమ్మం ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో మూడంతస్తుల మేడ. మనకిప్పుడు కావలసినంత నిశ్శబ్దం ఉంది, వాక్యం ఫోనే చదివి వినిపిస్తుంది, మోకరించడానికి మెత్తని తివాచీ ఉంది. నిన్న తెల్లవారుజామున ఫోనులో ఆ గంట ఆపేసి, కిటికీ గట్టు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు కదలనే లేదు. నేను తలెత్తి రైలును చూసి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచేసరికి, సగం పెట్టెలు దాటిపోయాయి. మిగిలిన సగం కోసం నిలబడ్డాను.