ఆగస్టులో నిద్రపోయే మొక్కలు

మొన్న ఆదివారం ఆరాధనకని పేరుకే డబ్లిన్, వేసవంతా చుక్క వాన పడని మా ఊరి చర్చి ముందు కారు దిగేసరికి, ఏళ్ల తరబడి సేజ్ మొక్కలున్న చోట ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంది, అంచున కుండీల్లో ఎర్రటి ప్లాస్టిక్ పూలున్నాయి, ఆ పూలలో ముక్కు పెట్టి తీసి, మళ్లీ పెట్టి, ఒక హమ్మింగ్‌బర్డ్ పిట్ట గాలిలో రెక్కలాడిస్తోంది. కోపంతో ప్రార్థించకూడదని తెలిసీ కోపంతోనే ప్రార్థించాను.

నా వయసు వారికి గుర్తుండే ఉంటుంది, నీళ్లకు కరువొచ్చి పచ్చిక తడపొద్దని ఆంక్షలు పెట్టిన ఆ రోజులు. అప్పటికి మా సంఘం ఆ పాత భవనం కొనుక్కుని ఎంతో కాలం కాలేదు. ముందున్న గడ్డి మాడిపోతే, సండే స్కూల్ పిల్లలను వెంటబెట్టుకుని నేనూ మావారూ దాన్ని పెకలించి, ఈ నేలలోనే పుట్టి పెరిగే సేజ్ మొక్కలు తెచ్చి నాటాం. వాటికి వానలే చాలు, వేసవిలో నీళ్లు పోస్తే పైగా కుళ్లిపోతాయి. మనకేమో మొక్క కనబడితే చెంబెడు నీళ్లు పోయందే మనసు ఊరుకోదు, అందుకే స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లను బాటిళ్లతో రాకుండా ఆపడమే మావారికి పెద్ద పరిచర్య అయిపోయింది.

మొదటి ఆగస్టులో సేజ్ ఆకులన్నీ ముడుచుకుని గోధుమరంగుకు తిరిగితే, మా తోటికోడలి కూతురు, అప్పటికి ఏడేళ్ల పిల్ల, అన్నీ చచ్చిపోయాయని నా కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని ఆ మొక్కల పక్కనే కూర్చోబెట్టుకుని బైబిల్లోని యాయీరు కూతురి కథ చెప్పాను. ఆ చిన్నది చనిపోలేదు, నిద్రపోతోందని ప్రభువు అంటే, అక్కడున్న వాళ్లంతా ఆయన్ని చూసి నవ్వారు; ఆయన చెయ్యి పట్టుకుంటే ఆ చిన్నది లేచి నడిచింది. ఆ ఏడు తొలి వానలకు మా సేజ్ మొదళ్ల నుంచి లేత ఆకులు లేచాయి, వసంతంలో ముదురు గులాబీ పూలు వచ్చాయి, వాటి మీద బొటనవేలంత పిట్టలు వాలకుండానే తేనె తాగాయి. ఆ పిల్ల సంఘమంతటి ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది.

ఆ పిల్లే ఇప్పుడు మా బిల్డింగ్ కమిటీకి పెద్ద. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర నిలదీశాను.

"పెద్దమ్మా, అదంతా డెడ్ అయిపోయింది. పెళ్లి ఫోటోల్లో ఎంత అగ్లీగా వస్తోందో తెలుసా? కమిటీలో ఓట్ చేసే తవ్వించేశాం."

"చావలేదే, నిద్రపోతోంది. నిన్ను ఇక్కడే కూర్చోబెట్టి చెప్పానా లేదా?"

"అబ్బా పెద్దమ్మా, నువ్వింకా సండే స్కూల్‌లోనే ఉన్నావ్!" అని నవ్వింది. కాఫీ కప్పులతో చుట్టూ నిలబడ్డ వాళ్లూ నవ్వారు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు, యాయీరు ఇంట్లో వినబడ్డ నవ్వే అది, ఎన్నేళ్లుగానో పిల్లలకు దాని గురించే చెబుతున్నాను. వాక్యం కంఠస్థం చేసినందుకు వీళ్లకు బహుమతులిచ్చింది ఈ చేతులే. మూడు నెలలు ఎండి కనిపించే ప్రాణాన్ని ఓర్చుకోలేని వాళ్లు పునరుత్థానం గురించి అంత గొంతెత్తి ఎలా పాడుతున్నారో నాకు అర్థం కాదు.

ఈ భవనం కొనకముందు, అద్దె హాలులో మడత కుర్చీలు మేమే వేసుకుని మేమే తీసుకున్న రోజుల్లో మాకు కనిపించేది తక్కువ, నమ్మేది ఎక్కువ. ఇప్పుడు మా ఆవరణ ఆగస్టులోనూ పచ్చగా ఉంటుంది. తొలి వాన ఎప్పటిలాగే నవంబరులో వస్తుంది, కానీ లేపడానికి ఆ గడ్డి కింద ఎవరూ ఉండరు.