సక్కుబాయి గుంటగలగర నూనె

శ్రీరాంపూర్ గనుల కాలనీలో జుట్టు ఊడుతోందని ఎవరు బాధపడినా, సక్కుబాయి క్వార్టరుకు దారి చూపిస్తారు. చూపిస్తూ ఒక జాగ్రత్త కూడా చెప్పి పంపుతారు: తలుపు తీసింది ఆమె మొగుడైతే అతని తల వంక చూడొద్దని, చూస్తే నూనె మీద నమ్మకం పోతుందని.

ఆ మొగుడు రామచంద్రం. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. నలభై నిండకముందే నడినెత్తి నున్నగా అయింది. బాయిలో పెట్టుకునే గట్టి టోపీ వల్లే పోయిందని అతని వాదన. అదే టోపీ పెట్టుకున్న తోటి కార్మికులకు నల్లగా, ఒత్తుగా ఎందుకుందని అడిగితే మాత్రం మాట మార్చేవాడు.

సక్కుబాయి పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి పల్లె. ఇంట్లో మరాఠీ మాట్లాడేవారు. పెళ్లయి వచ్చిన మొదటి వానాకాలంలో, బాయి నుంచి తోడి వదిలిన నీళ్లు పారే కాలువ గట్టున తెలిసిన మొక్క ఒకటి కనిపించి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. నేలబారుగా పాకే కాడలు, గరుకు ఆకులు, చొక్కా గుండీ అంత కూడా లేని తెల్లపూలు. కొంగు నిండా కోసుకుని ఇంటికొస్తే, అత్త నాగవ్వ అదేమిటని అడిగింది.

"మాకా," అంది కోడలు.

మరాఠీలో ఆ మొక్క పేరు అదే. నాగవ్వకు అది తెలియదు.

"మీకే ఉంచుకో బిడ్డా. మాకెందుకు గా గడ్డి?"

"మాకా," అని కోడలు ఇంకాస్త గట్టిగా చెప్పింది.

వచ్చి నెల తిరగలేదు, అప్పుడే మీకూ మాకూ అంటోంది, వేరుకాపురం పెట్టేలా ఉంది అని నాగవ్వ ఆ పూటే లైనులో సగం ఇళ్లకు చెప్పుకుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కొడుకు ఇద్దరినీ కూర్చోబెట్టి విషయం అడిగాడు. సక్కుబాయి నాలుగు ఆకులు తీసి అత్త అరచేతిలో వేసి నలిపింది. పచ్చటి రసం చూస్తుండగానే నల్లబడింది. "గుంటగలగరాకా! గా ముక్క ముందే చెప్పొద్దా," అని నాగవ్వ రోలు కడగడానికి లేచింది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్లూ అత్తాకోడళ్లు కలిసే ఆ ఆకు దంచారు. రసం పిండి, నువ్వుల నూనెలో పోసి, చిటపటలు ఆగేదాకా సన్నని మంట మీద కాచేవారు.

రామచంద్రం నెత్తి నున్నబడ్డాక, కాచిన ప్రతిసారీ మొదటి సీసా అతనిదే. బాయి మీద స్నానం చేశాక రాసుకోమని సక్కుబాయి టిఫిన్ డబ్బా పక్కన పెట్టి పంపేది. ఖాళీ సీసా క్రమం తప్పకుండా తిరిగొచ్చేది. జుట్టు మాత్రం రాలేదు. కాలనీలో అందరికీ పట్టిన నూనె ఇంట్లోవాడికి ఎందుకు పట్టదో ఆమెకు అంతుచిక్కలేదు. పాళ్లు మార్చింది, మెంతులు వేసింది, ఒక ఏడాది పుట్టింటికి పోయి అక్కడి ఆకు కూడా మోసుకొచ్చింది.

నిరుడు రామచంద్రం రిటైరయ్యాడు. సన్మానం రోజున శాలువా కప్పాక, అతనితో పద్దెనిమిదేళ్లు ఒకే షిఫ్టులో పనిచేసిన సంపత్ మైకు అందుకున్నాడు. యాభై దాటినా నుదుటి మీద పడే జుట్టును వెనక్కి తోసుకుంటూ మాట్లాడే మనిషి.

"రామచంద్రమన్న మనసు మీకెవ్వలకు ఎరుక లేదు," అన్నాడు. "వదినె కాసిచ్చిన నూనె పద్దెనిమిదేండ్ల సంది ఒక్క చుక్క తను రాసుకోలే. అంతా నాకే ఇచ్చిండు."

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న సక్కుబాయి కొట్టలేదు.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఆమె మొగుడితో మరాఠీలోనే మాట్లాడింది. కోపం ముదిరితే అంతే. మూడో రోజు పొద్దున చాయ్ గ్లాసు ముందు పెట్టి, ఎందుకిచ్చినవని తెలుగులో అడిగింది.

రామచంద్రం గ్లాసు పక్కకు జరిపాడు. "మొదట్ల రెండు నెలలు రాసిన. ఒక్కటి రాలే," అన్నాడు. "నీ నూనెకు మంచి పేరొస్తుండె. నేను రాసుకున్నా రాలేదంటే అది బద్నాం అయితది గదా. రాసుకోకుంటే, రేపు ఎవలన్న అడిగినా తప్పు నాదే అయితదనుకున్న."

సక్కుబాయికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండూ కనబడకుండా వంటింట్లోకి పోయింది. అయినా శిక్ష వేయకుండా వదల్లేదు. ఇకనుంచి ఆకు కోసుకొచ్చే పని అతనిదేనంది.

రిటైరైన మనిషి ఉత్సాహంగా సంచి పట్టుకుని పోయి, గంటకు నిండుగా తెచ్చాడు. అది మెట్టనేలలో, రోడ్ల పక్కన మొలిచే గడ్డి చామంతి. ముప్పై ఏళ్లు ఆ ఆకు ఇంట్లో దంచుతుంటే వాసన పీల్చినవాడు దాన్ని గుర్తుపట్టలేకపోయాడని ఆమె ఇరుగుపొరుగుకు చెప్పి మరీ నవ్వింది. తర్వాత చేయి పట్టుకుని కాలువ గట్టుకు తీసుకుపోయి, బురదలో వంగోబెట్టి, ఏది ఏదో చూపించింది. అరచేతిలో రసం నల్లబడటం చూసి అతను పసివాడిలా రెండో చేతిలో కూడా నలుపుకున్నాడు. నాలుగు రోజులు ఆ మరక పోలేదు. బాయి నలుపు కన్నా మొండిదని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు అరుగు మీద కూర్చోబెట్టి ఆమే స్వయంగా అతని నెత్తికి నూనె రాస్తుంది. ఏడాదైనా వెంట్రుక మొలవలేదు. ఎడమ చెవి పైన ఏదో నూగులాంటిది వచ్చిందని రామచంద్రం అంటాడు. అద్దం తెచ్చి చూపించమంటే మాత్రం, వెలుతురు సరిగ్గా లేదంటాడు. మొన్న ఆమె వేళ్లు ఆడుతుండగానే గోడకు ఒరిగి నిద్రపోయాడు. సక్కుబాయి చేతులు తుడుచుకుని, ఈగలు వాలకుండా అతని తల మీద తువ్వాలు కప్పి, పప్పు ఎసట్లో వేయడానికి లోపలికి వెళ్లింది.