బుజ్జమ్మ చొక్కాతో తాడేపల్లికి

బుజ్జమ్మా, నీ మిరపచేను చొక్కా సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే తాడేపల్లి వెళ్లొచ్చానమ్మా.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. బుజ్జమ్మ నా ఒక్కగానొక్క కూతురు. నిరుడు చలికాలంలో జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయింది. పందొమ్మిదేళ్లు. దాని ఫొటోలు రెండే ఉన్నాయి. ఒకటి ఆధార్ కార్డు మీదది, అందులో అది ఎవరో నాకే తెలియదు. ఇంకోటి మిరపకాయలు కోస్తుంటే పక్క చేనావిడ ఫోన్‌లో తీసింది. చుడీదార్ మీద వాళ్ల నాన్న పాత చొక్కా తొడుక్కుని నవ్వుతూ ఉంటుంది. తాడేపల్లిలో ఒకాయన కొయ్యతో మనుషుల బొమ్మలు చెక్కుతాడని, బట్టల ముడతలు కూడా ఉన్నవున్నట్టు దించుతాడని విన్నప్పటి నుంచి నా మనసు నిలవలేదు. ఫొటోలో మొహం బాగానే ఉంది గానీ చొక్కా ఒట్టి తెల్ల మరకలా పడింది. అందుకని చొక్కానే తీసుకెళ్లాలనుకున్నాను. కళ్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, మా ఆయన రాలేనన్నాడు.

పొద్దున ఆరున్నరకి పల్లెవెలుగు బస్సెక్కాను. ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. చీరాల్లో దిగి ప్యాసింజర్‌కి టికెట్ తీసుకున్నాను, ముప్పై రూపాయలు. పక్కన కూర్చున్నావిడ ఎంతమంది పిల్లలని అడిగింది. ఒక కూతురని చెప్పాను. పెళ్లి చేశారా అంది. ఇంకా లేదన్నాను. ఆ తర్వాత తెనాలి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పత్తి తీసేసిన చేలల్లో కట్టె మాత్రమే నిలబడి ఉంది.

మీరు వెళ్తే కృష్ణా కెనాల్ స్టేషన్‌లో దిగండి. విజయవాడ దాకా పోతే వంతెన దాటి మళ్లీ వెనక్కి రావాలి. నేను దిగేసరికి పదిన్నర అయింది. ఆటోకి నలభై ఇచ్చాను. సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నానని ఆటో అబ్బాయి అద్దంలో చూసి నవ్వాడు. "బంగారమా పిన్నీ, అంత గట్టిగా పట్టుకున్నావ్?" అన్నాడు. చొక్కా అని చెప్పాను.

చెక్కే ఆయన పెద్దాయన. వసారా నిండా కొయ్య పొట్టు. మూరెడు బొమ్మకి ఎనిమిది వేలు చెప్పాడు, సరేనన్నాను. చొక్కా తీసి ఇచ్చాను. మోకాలి మీద పరిచి అటూ ఇటూ తిప్పాడు.

"ఉతికారా అమ్మా?"

"ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి తెచ్చానన్నగారూ. మాసిన చొక్కా ఎలా తెస్తాను?"

ఆయన చొక్కా మీద గీతలు వేలితో చూపించి, ఇవి ఇస్త్రీపెట్టె మడతలే, అమ్మాయివి కావని మెల్లగా చెప్పాడు. మోచేతుల దగ్గర, నడుం దగ్గర అది వంగి కాయలు కోసిన ముడతలు మొన్నటి దాకా కొక్కేనికి అలాగే వేలాడుతూ ఉన్నాయి. వాటిని నా చేత్తోనే రాయి మీద వేసి బాదాను.

వాళ్లావిడ మంచిది. నీళ్లు చిలకరించి గంజి మెత్తబరిచి, నన్ను లోపలికి తీసుకెళ్లి చొక్కాని నా చీర మీదే తొడిగింది. కాసేపు కాయలు కోసినట్టు వంగి లేస్తే ముడతలు వాటంతటవే పడతాయంది. వాళ్ల వాకిట్లో ఒట్టి చేతులతో కాయలు కోశాను. ఆయన కాగితం మీద గీస్తూ గీస్తూ ఆపేశాడు.

"అమ్మాయి మీకంటే లావా?"

"లేదండీ. ఇద్దరిదీ ఒకటే ఒళ్లు. వెనక నుంచి చూసి వాళ్ల నాన్నే పొరపడేవాడు."

"మరి భుజం జారిపోతోందే. గుడ్డ ఒంటిని ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముడత పుడుతుందమ్మా. ఇక్కడ పట్టడానికి ఒళ్లేదీ? ఇలాగే చెక్కితే కొక్కేనికి తగిలించిన చొక్కా అవుద్ది. మీ అమ్మాయి అవదు."

వాళ్లావిడ వీపు దగ్గర వదులు గుప్పిట్లోకి తీసుకుని, "ఏం తింటన్నావక్కా నువ్వు, గాలా?" అంది.

ఏడాదిగా మా ఆయనకి వడ్డించి, నేను తర్వాత తింటానంటున్నాను. అంచనా మీద చెక్కమని బతిమాలాను. ఎవరికీ తేడా తెలియదు గానీ మీకు తెలుస్తుందన్నాడు. మొహం, చేతులు ఇప్పుడు చెక్కుతానని, చొక్కా దగ్గర కొయ్య మందంగా వదిలేస్తానని చెప్పాడు.

"తీసేసిన కొయ్య మళ్లీ అతకలేనమ్మా. రెండు నెలలు అన్నం తిని రా."

ఆ పూట వాళ్లింట్లోనే తిన్నాను. పప్పు, దొండకాయ వేపుడు. మొదటి ముద్ద దిగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత మళ్లీ పెట్టించుకున్నాను.

నాలుగింటి బండికి తిరిగొచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. తిండి మానేస్తే దానికి దగ్గరగా ఉన్నట్టు అనుకున్నాను. దాని ఒళ్లు ఎలా ఉండేదో చూపించడానికి ఈ భూమ్మీద మిగిలింది నా ఒళ్లొక్కటే, దాన్నే కరగదీసుకుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో అన్నం ముందు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. ఏడుస్తూనే తింటున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటి బొమ్మ చేయించుకోవాలంటే, పోయినవాళ్ల బట్ట ఉతక్కండి. విడిచింది విడిచినట్టే తీసుకెళ్లండి. మీరు మాత్రం కడుపు నిండా అన్నం తినండి.