నాలుగో నంబరు ఆల్‌రౌండర్

హైదరాబాదులో మందుల ఫ్యాక్టరీ క్వాలిటీ కంట్రోల్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. గంటగంటకీ పరిశీలనలు రాసిన చెయ్యి రిటైరైనా ఊరుకోదు. అమెరికాలో, పిస్కాటవేలో మా అమ్మాయి ఇంటికి వచ్చాక పరిశీలించడానికి ఏమీ దొరక్క, టీవీలో శనివారాల కాలేజీ ఫుట్‌బాల్, అంటే వీళ్లు చేత్తో ఆడే అమెరికా ఫుట్‌బాల్, పట్టుకున్నాను. మూడేళ్ల ఆట నా డైరీల్లో ఉంది.

మా మనవరాలు చదివే యూనివర్సిటీ జట్టులో ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లున్నారు. బంతి చంకలో పెట్టుకుని, పడగొట్టడానికి వచ్చేవాళ్ల మధ్యనుంచి ముందుకు పోవడం వాళ్ల పని. ఇరవై రెండో నంబరువాడు బీరువా లాంటివాడు. తప్పుకోవాలన్న ఆలోచన అతనికి రాదు, ఎదురొచ్చినవాడే తప్పుకోవాలి. నాలుగో నంబరువాడు పొట్టి. పెళ్లి భోజనాల్లో ఎంత రద్దీ ఉన్నా మొదటి పంక్తిలోనే తేలే మా తోడల్లుడిలా, సందు లేనిచోట సందు చూసుకుంటాడు. తోడల్లుడి మీద నాకు సదభిప్రాయం లేదు గాని, ఈ కుర్రాడంటే ప్రాణం.

ఎవరు ఎన్ని గజాలు ముందుకు పోయారో టీవీవాళ్లే లెక్కపెడతారు. నేను రాసేది వేరు: ఎంతమంది కలిస్తే పడ్డాడు, పడ్డవాడు ఎలా లేచాడు, బంతి తన చేతిలో లేనప్పుడు ఏం చేశాడు.

"ఆ కుర్రాళ్లు ఎంత పరిగెత్తితే మీకేంటండీ? మెయిల్‌బాక్స్ దాకా వెళ్లమంటే మోకాలంటారు," అనేది మా ఆవిడ. సరిగ్గా ఆట వేళకే ఆవిడ చెల్లెలితో ఫోనుంటుంది. టీవీ నోరు మూయించే షరతు మీద నాకు సోఫా దక్కింది.

నవంబరులో ఒక ఆదివారం మనవరాలు ఇంటికొచ్చింది. కాలేజీ పత్రికలో వారంవారం రాసే కాలమ్ ఖాళీ అయిందట. ముగ్గురు పోటీ. తలా ఒక వ్యాసం ఇవ్వాలి, బాగున్నవాళ్లకి కాలమ్. రెండేళ్లుగా మ్యాచ్ స్కోర్లు టైప్ చేయడం తప్ప మా పిల్లకి ఆ పత్రికవాళ్లు ఇంకే పనీ ఇవ్వలేదు.

"ఇద్దరు బ్యాక్స్‌లో ఎవరు బెటర్ అని రాస్తా తాతయ్యా. స్టాట్స్ అందరి దగ్గరా ఉన్నాయి. నీ డైరీ ఎవరి దగ్గరా లేదు," అని పేజీలన్నీ ఫొటో తీసుకుంది. ఆ రాత్రి నేను రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

గురువారం మధ్యాహ్నం, రికార్డు చేసిన పాత ఆట మళ్లీ పెట్టుకున్నాను. కెమెరా మైదానం అంచున ఆగింది. నాలుగో నంబరు బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. అతని పక్కనే నాలుగో నంబరు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. శుక్లాలు ముదిరాయనుకుని మా ఆవిడని పిలిచి ఎంతమంది అని అడిగాను.

"ఇద్దరు. ఎందుకలా చెమటలు పడుతున్నాయి మీకు?"

మా ఫ్యాక్టరీలో ఒకే నంబరుతో రెండు బ్యాచ్‌లు తయారైతే ఆ రోజే గేటు మూసేవాళ్లు. నేను నంబరు నమ్మాను, మొహం చూడలేదు. మనవరాలికి ఫోన్ చేశాను.

"నాలుగో నంబరు ఇద్దరున్నారమ్మా."

"యా, ఒకడు ఆఫెన్స్, బాల్ మనదైతే ఆడతాడు. ఒకడు డిఫెన్స్, బాల్ వాళ్లదైతే. కాలేజ్‌లో అలౌడ్. ఎందుకు?" అంతలోనే అనుమానం వచ్చింది. "తాతయ్యా, నీ డైరీలో నాలుగు అంటే ఏ నాలుగు?"

"ఇద్దరూ."

"ఓ మై గాడ్! పొద్దున్నే సబ్మిట్ చేసేశా! నీ డైరీలో ఆ అరవై గజాల క్యాచ్ ఎవరిది? నా ఆర్టికల్ ఓపెనింగే అది!"

"అవతలి జట్టువాడు విసిరితే ఇతను పట్టుకున్నాడు."

"అది ఇంటర్‌సెప్షన్, డిఫెన్స్‌వాడి పని! రన్నింగ్ బ్యాక్ అది ఎలా చేస్తాడు?"

"ఆల్‌రౌండర్ అనుకున్నాను."

"ఇది క్రికెట్ కాదు తాతయ్యా!"

"మా ల్యాబ్‌లో రెండో సంతకం లేనిదే కాగితం కదిలేది కాదు. నువ్వు వీడియో చూసి సరిచూసుకోవద్దా?"

"నేను నిన్ను ట్రస్ట్ చేశా," అంది. ఆ ల్యాబ్ మాట నేను అనకుండా ఉండాల్సింది.

పత్రికవాళ్లు ఐదింటిదాకా మార్పులు తీసుకుంటారట. ఇంకా మూడు గంటల టైముంది. నేను ఒక్కొక్క ఎంట్రీ చదివాను, ఆ సమయంలో బంతి ఏ జట్టుదో మనవరాలు వీడియోలో చూసి చెప్పింది. అవతలివాళ్లదైతే ఒక్క గీత కొట్టి, పక్కన పొడి సంతకం పెట్టాను. ఎగిరి పట్టిన బంతులు పోయాయి. మనుషుల్ని పడగొట్టినవన్నీ పోయాయి. చివరికి మా పొట్టివాడికి పరుగు మిగిలింది. బంతి చేతిలో లేనప్పుడు అతను చేసింది, నిజాయితీగా చెప్పాలంటే, నిలబడి చూడటం. ఆ బీరువా మాత్రం ప్రతిసారీ బంతి విసిరేవాడి ముందు నిలబడి దెబ్బలు కాశాడు.

"సో, బిగ్ గై విన్స్," అంది.

"సెప్టెంబరు పేజీలో ఒకటి ఎవరిదో తేలలేదు కదా. పొట్టివాడికి వెయ్యరాదూ?"

"తాతయ్యా!"

"సరే, కొట్టేస్తున్నాను."

ఐదుకి నాలుగు నిమిషాలుందనగా వ్యాసం తిరగరాసి పంపింది. అరవై గజాల క్యాచ్ పోయి, 'ఇద్దరు మనుషుల్ని ఒక మహావీరుడిగా కలిపేసిన మా తాతయ్య' అని కొత్త ఆరంభం పెట్టింది. యూనివర్సిటీ మొత్తం చదువుతుందని తెలిసీ, పెట్టుకోమన్నాను.

మంగళవారం ఫోన్ చేసింది. కాలమ్ తనకే వచ్చింది. ఎడిటర్ ఆ ఆరంభం చదివి పగలబడి నవ్వాడట. బీరువా మీద వచ్చేవారం ఇంకో వ్యాసం కావాలన్నాడట. శభాష్ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. పొట్టివాడి గురించి ఎవరూ అడగలేదు.